హారన్ తప్ప ఏదీ పనిచేయని కారులో బోధన్ దాటి పెళ్లికి

నిజామాబాద్ నుంచి బోధన్‌కు ఇప్పుడు కారులో ముప్పావుగంట చాలు. అక్కడి నుంచి సాలూర రోడ్డు మీద మా ఊరికి ఇంకో ఇరవై నిమిషాలు. అరవైల చివర్లో ఒక జనవరి మధ్యాహ్నం ఆ దారే నాకు నాలుగు గంటలు పట్టింది. అందులో మూడు గంటలపాటు ఏం జరుగుతోందో నాకు బొత్తిగా అర్థం కాలేదు. కారుకు సొంతంగా దీపమో, హారనో, పాటల పెట్టెనో బిగించుకుని ఆ చేత్తోనే దూరప్రయాణం పెట్టుకునేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. మా ఇంట్లోనే ఇద్దరున్నారు. వాళ్లకు నోటితో చెబితే వినడం లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

ఆ రోజు మా చెల్లెలు సుగుణ పెళ్లి. మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. నేను నిజామాబాద్‌లో బడి పంతులుని, అమ్మా బాపూ చెల్లెలూ ఊళ్లో ఉండేవాళ్లు. ఊళ్లో చిన్న చర్చి ఉంది గానీ పెళ్లి జరిపించే అధికారమున్న పాస్టరు లేరు. నిజామాబాద్ నుంచి మా పాస్టరు అయ్యగారిని తీసుకువెళ్లాలి. పొద్దున పదకొండింటికి పెళ్లి అనుకున్నాం. ముందురోజు ధర్పల్లిలో సంఘంలోని ఒక పెద్దావిడ చనిపోయింది. సమాధి చేయించి, మధ్యాహ్నం రెండున్నరకల్లా బస్సులో వచ్చేస్తానని అయ్యగారు కబురు పెట్టారు. పెళ్లిని సాయంత్రం అయిదింటికి వాయిదా వేశాం. ఇంకా వెనక్కి జరపడానికి మాత్రం వీల్లేదు. క్రైస్తవుల పెళ్లి సాయంత్రం ఏడు లోపు జరగాలని చట్టం, అయ్యగారు చట్టం దగ్గర వేలెడంత కూడా పక్కకు జరిగే మనిషి కాదు. పోనీ మర్నాడు చేద్దామంటే పెళ్లికొడుకు దావీదు మిలిటరీలో ఉన్నాడు. సెలవు అయిపోయింది, మర్నాడు పదింటికి నిజామాబాద్‌లో రైలెక్కాలి. మళ్లీ సెలవు ఎప్పుడిస్తారో అతనికే తెలియదు. అంటే ఆ సాయంత్రం ఏడు లోపు అయ్యగారు మా చర్చిలో నిలబడితే పెళ్లి, లేకపోతే లేదు.

ఆ వేళకు బోధన్ రైలు ఉండదు. బస్సులో బోధన్ దాకా వెళ్లినా అక్కడి నుంచి ఊరికి ఏదో ఒక బండి వెతుక్కోవాలి. దిక్కు తోచక తిరుగుతుంటే గంగారెడ్డి అన్న ఎదురుపడ్డాడు. వేల్పూర్‌లో పసుపు పండించే రైతు. ఆయన రేడియో రెండుసార్లు బాగు చేసి ఇచ్చాను, అప్పటి నుంచి నలుగురిలో నన్ను ఇంజనీరు అని పరిచయం చేసేవాడు, నేను వద్దనేవాణ్ని కాదు. ఆయనకొక నల్లటి పాత కారు ఉండేది. మలుపు తిరగాలంటే తలుపు పక్క నుంచి చెయ్యి చాపినట్టు ఎర్ర పలక లేచే రకం. "సుగుణమ్మ నాకు చెల్లె గాదా పంతులూ? నేనే తోలుకస్త. కిరాయి మాట ఎత్తితె మాత్రం రాను" అన్నాడు. పెట్రోలు కూడా నన్ను పోయించనివ్వలేదు.

ఊరికే సాయం తీసుకోవడం నాకు ఇబ్బందిగా అనిపించింది. బదులుగా ఏమివ్వాలా అని ఆలోచిస్తే హారన్ గుర్తొచ్చింది. జనవరి అంటే చెరకు ఆడే కాలం. జానకంపేట దాటితే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే ఎడ్లబండ్లు బారులు తీరి ఉంటాయి. బండి నిండా చెరకు, మీద ముసుగేసుకుని నిద్రపోతున్న మనిషి. ఆయన కారు హారన్ జలుబు చేసిన పిల్లి అరిచినట్టుండేది, దానికి ఎడ్లు కూడా చెవులు కదిలించేవి కావు. పాత సామాన్ల దుకాణంలో తొమ్మిది రూపాయలకు ఒక లారీ హారన్ దొరికింది. పెళ్లి రోజు పదకొండింటికి గంగారెడ్డి అన్న కారును మా బడి ఆవరణలో పెట్టి, పసుపు ధర కనుక్కొస్తానని మార్కెట్టుకు వెళ్లాడు. నేను చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తాను.

పని పెద్దదేమీ కాదు. బ్యాటరీకి రెండు కొసలుంటాయి. ఒక కొస నుంచి తీగలు దీపాలకూ, స్టార్టర్‌కూ, మిగతా వాటికీ వెళ్తాయి. రెండో కొసను అల్లిన రాగి పట్టీతో కారు ఒంటికి బోల్టు వేసి బిగిస్తారు. వెళ్లిన కరెంటు కారు ఇనుములో నుంచి ఆ పట్టీ దాకా తిరిగి రావాలి. హారన్‌కు ఒక తీగ నేరుగా బ్యాటరీ నుంచి మీట గుండా ఇచ్చాను. రెండో తీగను ఆ పట్టీ మీద, అదే బోల్టు కింద బిగిస్తే సరిపోతుంది. అయితే ఆ బోల్టు మీద బొట్టు ఉంది. గంగారెడ్డి అన్న ఇంట్లో ప్రతి దసరాకూ కారుకు పూజ చేస్తారు. నూనెలో కలిపిన పసుపు, దానిపైన కుంకుమ. మూడు నాలుగు దసరాల పసుపు ఒకదానిమీద ఒకటి పేరుకుని బోల్టు చుట్టూ బిళ్లలా గట్టిపడింది. మెల్లగా, చాలా మెల్లగా బోల్టు వదులు చేశాను. ఎంత మెల్లగా తిప్పినా ఆ బిళ్ల విరిగింది. పొరుగువాడి పూజను నేను పాడుచేశానా అనిపించింది. రాలిన ముక్కల్ని వేలితో ఏరి, పట్టీ చుట్టూ ఎక్కడివక్కడ పొదిగి, పైన నా హారన్ తీగ పెట్టి గట్టిగా బిగించాను. బొట్టు చెదరినట్టు కనిపించలేదు. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. మీట నొక్కితే బడి పిల్లలంతా కిటికీల దగ్గరికి పరుగెత్తుకొచ్చేంత మోత వచ్చింది. తృప్తిగా బానెట్ మూసేశాను. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలని నాకు తోచలేదు.

రెండూ నలభైకి అయ్యగారు బస్సు దిగారు. అరవై దాటిన మనిషి, కాళ్లకు ధర్పల్లి మట్టి అలాగే ఉంది. ఇంటి దగ్గర కాళ్లు కడుక్కుని, రెండు ముద్దలు తిని, పెళ్లి రిజిస్టరు ఉన్న సంచి చంకన పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేసరికి మూడయింది. గంగారెడ్డి అన్న స్టార్టర్ లాగాడు. కారు నిద్రలేవనన్నట్టు మూలిగింది. రెండోసారీ అంతే. నాలుగోసారికి అందుకుంది. "చలికి బిర్రుగైనట్టున్నది" అన్నాడాయన. మధ్యాహ్నం మూడింటికి చలేమిటని నేను అడగలేదు. పసుపు ఉడికిన వాసన గుప్పున వచ్చింది. ఆ నెలలో మా జిల్లాలో సగం ఊళ్లలో ఆ వాసన వస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

జానకంపేట రైలు గేటు పడి ఉంది. కారు ఆపగానే ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. గూడ్సు బండి పోయింది, గేటు లేచింది, స్టార్టర్ లాగితే టక్ అని ఒక్క చప్పుడు. మళ్లీ టక్. వెనక లారీవాడు తిడుతున్నాడు.

"బ్యాటరీ సచ్చిందా ఏంది పంతులూ?" అన్నాడు గంగారెడ్డి అన్న.

నేను కొత్త మీట నొక్కాను. గేటు మీద పావురాలు లేచిపోయాయి. "బ్యాటరీ మంచిగున్నదన్నా. సచ్చిన బ్యాటరీ గిట్ల మోగుతదా?" అన్నాను ధీమాగా. ఆ ధీమాయే ఆ రోజు మమ్మల్ని ముంచింది.

ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజన్ అందుకుంది. రోడ్డు మీద జోరుగా పోతున్నంతసేపూ ఏ తగాదా లేదు. ఎడపల్లి దగ్గర చెరకు బండ్ల బారు వచ్చింది. హారన్ కొడితే బండ్లు నిజంగానే పక్కకు జరిగాయి, ముసుగులు తీసి మనుషులు లేచి చూశారు. కానీ అవి జరిగేలోపు మేం నెమ్మదించాలి కదా, నెమ్మదించగానే ఇంజన్ పోయేది. బండ్లు దారిచ్చాక మేమే రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయేవాళ్లం. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి నేను దిగి, దీపాలు వేయమన్నాను. ఆరబోయే బొగ్గుల్లా ఎర్రగా వెలిగాయి. స్టార్టర్ లాగమన్నాను. పూర్తిగా ఆరిపోయాయి. హారన్ నొక్కమన్నాను. దీపాలు చెక్కుచెదరలేదు, హారన్ మాత్రం పొలాలన్నీ దద్దరిల్లేలా మోగింది. మలుపు పలక ఎత్తమంటే సగం లేచి, ఆలోచించుకుని, పడిపోయింది. నాకు తల తిరిగిపోయింది. ఒకే బ్యాటరీ, ఒకదానికి ఏనుగంత బలం ఇస్తోంది, ఇంకొకదానికి చీమంత కూడా ఇవ్వడం లేదు. పుస్తకాల్లో చదువుకున్నదంతా మనసులో తిరగేశాను. ఏదీ దీనికి అతకలేదు.

"సమజైందా?" అని అడిగాడు గంగారెడ్డి అన్న, హ్యాండిల్ తిప్పి తిప్పి బొబ్బలెక్కిన అరచెయ్యి చూసుకుంటూ.

"స్టార్టర్ పోయిందనుకుంటున్న" అన్నాను. స్టార్టర్ పోతే దీపాలెందుకు ఎర్రబడతాయో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మళ్లీ పసుపు వాసన వచ్చింది. "యాడనో ఉడకబెడ్తున్నరు" అని ఆయనే ముక్కు ఎగబీల్చి, మా వూరి తీరుగుందని కాస్త సంతోషపడ్డాడు కూడా. అయ్యగారు వెనక నుంచి దిగి, కోటు సీటు మీద పెట్టి, మాతో పాటు కారు తోశారు.

బోధన్ చేరేసరికి నాలుగూ నలభై. బజారులో బ్యాటరీ పని చేసే యూసుఫ్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాం. మనిషి నిదానస్తుడు, చేతిపని తెలిసినవాడు. బానెట్ ఎత్తి ముందు అడగాల్సిందే అడిగాడు. "కొత్తగ ఏమన్న పెట్టిన్రా సాబ్?"

"హారన్ పెట్టిన. దాంతోని ఏం తక్లీఫ్ లేదు. గదొక్కటే మంచిగ పనిజేస్తుంది" అన్నాను.

ఆయన మీట నొక్కి విన్నాడు, చెవిలో వేలు పెట్టుకున్నాడు. "బ్యాటరీ ఫస్ట్ క్లాస్ ఉన్నది. ఇగ స్టార్టరే" అన్నాడు. నా మాటే ఆయన నోట వినబడేసరికి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బ్యాటరీ దగ్గరి తీగలన్నీ ఒక్కొక్కటే కదిపి చూశాడు. బొట్టున్న బోల్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది మీ పూజది. దీన్ని నేను ముట్ట" అని, ఎంతో మర్యాదగా దాన్ని దాటుకుని పోయాడు. మేమూ మర్యాదగా తలూపాం. స్టార్టర్ విప్పి, లోపలి బొగ్గు బ్రష్షులు గీకి, మళ్లీ బిగించాడు. ముప్పావుగంట పట్టింది, మూడు రూపాయలు తీసుకున్నాడు. ఆలోపు పక్క హోటల్లో పదిహేను పైసల చాయ్ తాగాం. బిగించి లాగగానే ఇంజన్ అందుకుంది. ఎందుకు అందుకుందో ఇప్పుడైతే చెప్పగలను. ఆ లాగడం పీకడంలో ఆ పట్టీ కాస్త కదిలి ఉంటుంది. అప్పుడు మాత్రం యూసుఫ్ భాయ్‌తో చేతులు కలిపి బయలుదేరాం. అయిదూ ఇరవై అయిదు. ఏడు దాకా బోలెడు సమయం ఉందనుకున్నాం.

ఊరు దాటి మూడు కిలోమీటర్లు పోయామో లేదో, ఎదురుగా చెరకు బండ్లు వస్తుంటే నెమ్మదించాం, ఇంజన్ ఆగింది. ఈసారి హ్యాండిల్‌కు కూడా లేవలేదు. ఆయన తిప్పాడు, నేను తిప్పాను, ఇద్దరం కలిసి తిప్పాం. స్టార్టర్ పది పన్నెండుసార్లు లాగాం. టక్, టక్. హారన్ నొక్కితే మోగుతోంది. నాకు దాన్ని పీకి కాలువలో పారేయాలనిపించింది. అయ్యగారు గడియారం చూసుకున్నారు. ఊరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. నడిస్తే ఆయన కాళ్లకు రెండు గంటలు, ఎడ్లబండిలో అయినా అంతే. బస్సు లేదు, ఎదురొచ్చే బండ్లన్నీ ఫ్యాక్టరీ వైపుకే. "అయ్యగారూ, ఏడు దాటి ఓ పావుగంటైతే..." అని నసిగాను.

"ఏడు దాటినంక నేను ఆరున్నర అని రాయాల్నా నాయినా?" అన్నారాయన నెమ్మదిగా. "అబద్ధం మీద వాళ్ల కాపురం మొదలుపెట్టియ్యలేను."

సుగుణ పొద్దుటి నుంచి తెల్లచీర కట్టుకుని కూర్చుని ఉంటుంది. ఊళ్లో వాళ్లు సాలూర రోడ్డు వైపు చూస్తుంటారు. అన్న పట్నంలో ఉన్నాడు, ఇంజనీరంతటివాడు, అయ్యగారిని తెస్తాడు అని మా అమ్మ పదిమందికి చెప్పి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి బానెట్‌లోకి వంగి, ఏదో చూస్తున్నట్టు నటించాను.

వెనక నుంచి ఖాళీ బండి ఒకటి వచ్చి, మా కారు దారికి అడ్డం ఉండటంతో ఆగింది. ఫ్యాక్టరీలో చెరకు దించి ఇంటికి పోతున్న మొగుడూ పెళ్లాలు. ఆయన ఎడ్లను పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దిగి మా దగ్గరికొచ్చింది. పోశవ్వ అట ఆమె పేరు, నలభై ఏళ్లుంటాయి, నుదుటి మీద పెద్ద బొట్టు. ముక్కు చిట్లించి, కారు చుట్టూ చూసింది.

"ఏంది సారూ, బండ్ల పసుపు ఉడకబెడ్తున్నరా?"

"బండ్ల ఎందుకుంటదవ్వా," అన్నాడు గంగారెడ్డి అన్న విసుగ్గా. "యాడనో సేన్లల్ల ఉడకబెడ్తున్నరు. సీజన్ గదా."

"ఈడ పసుపు యాడిది పటేలా? గీ దిక్కంత చెరుకు, వడ్లేనాయె. పసుపు గావాలంటె ఆర్మూర్ దిక్కు బోవాలె." ఆమె బానెట్ దగ్గరికి వచ్చి ఇంకోసారి వాసన చూసింది. "గీడికెళ్లే వస్తుంది. సూడుండ్రి."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే, చుట్టూ చూస్తే కనుచూపు మేర చెరకే. నిజామాబాద్ నుంచి ఆ వాసన మాతో పాటే ప్రయాణం చేస్తోంది, పసుపు మధ్య పుట్టి పెరిగిన ఆయనా, ఏళ్లుగా నిజామాబాద్‌లో ఆ వాసనకు అలవాటుపడ్డ నేనూ దాన్ని ఊరి గాలి అనుకున్నాం. వంగి చూస్తే బొట్టున్న బోల్టు దగ్గర సన్నగా పొగ ఉంది. వేలు పెడితే చురుక్కుమంది.

అప్పుడు నా బుర్రలో చిక్కంతా ఒక్కసారిగా విడిపోయింది. నేను పొదిగిన పసుపు ముక్కలు పట్టీ కిందికి చేరి, పట్టీకీ కారు ఇనుముకూ మధ్య అడ్డం పడ్డాయి. నూనె పసుపులో నుంచి కరెంటు పోదు. కారు మొత్తం నుంచి తిరిగొచ్చే కరెంటుకు అదే వాకిలి, ఆ వాకిలికి నేనే తడిక కట్టాను. స్టార్టర్ లాగినప్పుడల్లా కరెంటు అందులోంచి దూరబోయి పసుపును మాడ్చింది. నా హారన్ తీగ పట్టీకి పైన తగులుతోంది కాబట్టి దానికి ఆ వాకిలితో పని లేదు, అందుకే అదొక్కటే బ్రహ్మాండంగా మోగింది. హారన్ మోగుతోంది కాబట్టి అంతా బాగుందని నేను ఒప్పించిన వాళ్ల లెక్క ముగ్గురు. అందులో మొదటివాణ్ని నేనే.

బొట్టు విరిగిన సంగతి గంగారెడ్డి అన్నకు చెప్పేశాను. "నీ మనసు నొస్తదని మల్ల అతికిచ్చినన్నా. చెప్పకపోయిన, తప్పైంది" అన్నాను. పట్టీ తీసి, పసుపంతా గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దితే కారు లేస్తుందని చెప్పాను. జేబులో పెన్సిళ్లు చెక్కే చాకు ఉంది. తీసి ఆయనకిచ్చాను.

ఆయన కోప్పడలేదు. చాకు పట్టుకుని బోల్టు మీదికి వంగినవాడు మళ్లీ లేచి నిలబడ్డాడు. "పెండ్లి నాడు బొట్టు తుడుసుడా?" అన్నాడు. "నాతోని గాదు పంతులూ. పెండ్లిపిల్ల కోసం పోతున్న బండి. దాని మీది పసుపు కుంకుమ నేనెట్ల గీకాలె? రేపు ఆ పిల్లకు ఏమన్నైతె? మొగడు పోయేది మిలిటరీకి."

మా ఇంట్లో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు, ఆ శకునం మాకు లెక్కలేనిది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన భయపడుతున్నది తన కోసం కాదు, మా సుగుణ కోసం. ఆయన చేతిలోంచి చాకు లాక్కుని గీకేయడం నా వల్ల కాలేదు. ఆరు కావడానికి పది నిమిషాలుంది.

నేను అయ్యగారి వైపు చూశాను. శకునాల మీద ఆదివారం ఆయన చెప్పే ప్రసంగం నాకు కంఠతా వచ్చు. ఆయన ఆ ప్రసంగం ఎత్తలేదు. పోశవ్వ వైపు తిరిగి, "అమ్మా, మీ దిక్కు గిసుంటప్పుడు ఏం జేస్తరు?" అని అడిగారు.

"తుడుసుడెందుకయ్యా?" అందామె, గింత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "మొదలు కొత్తది పెట్టాలె. అటెన్క పాతది తియ్యొచ్చు." చెంగుతో బానెట్ మీది దుమ్ము తుడిచింది. తన నుదుటి బొట్టును ఉంగరం వేలితో అద్ది, బానెట్ మీద గుండ్రంగా పెట్టింది. "పిల్ల పేరేంది?"

"సుగుణ" అన్నాను.

"సుగుణవ్వ పిల్లజెల్లతోని సల్లగుండాలె" అని, వేలు చెంగుకు తుడుచుకుంది. అయ్యగారు తల వంచి నిలబడ్డారు. గంగారెడ్డి అన్న దండం పెట్టి, చాకు నా చేతిలో పెట్టి, "ఇగ గీకు, జల్ది" అన్నాడు.

గీకాను. పట్టీ రెండు వైపులా, బోల్టు మరలు, ఇనుము, అన్నీ తళతళలాడేదాకా గీకాను. రాలిన పసుపును గంగారెడ్డి అన్న రుమాలులో పట్టి జేబులో పెట్టుకున్నాడు. బిగించి, స్టార్టర్ లాగితే ఒక్క లాగుకే ఇంజన్ అందుకుంది. దీపాలు వేస్తే రోడ్డంతా తెల్లగా పరుచుకున్నాయి. పోశవ్వ మొగుడు వెనక నుంచి చెయ్యెత్తి పొమ్మన్నాడు. ఆరూ పది.

ఆరూ ముప్పై ఎనిమిదికి చర్చి ముందు ఆగాం. మగపెళ్లివారు అప్పటికే చాపలు చుడుతున్నారు. సుగుణ లోపల లేదు, చర్చి గడప మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "వచ్చినవా అన్నా" అంది, అంతే. దావీదు పరుగెత్తుకుంటూ వచ్చి, చొక్కా బొత్తాములు తప్పుగా పెట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు దారంతా తయారుచేసుకున్న ప్రసంగాన్ని పక్కన పెట్టి, తిన్నగా ప్రమాణాల దగ్గరికి వచ్చారు. ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా అన్న ప్రశ్న సగంలో ఉండగానే సుగుణ "స్వీకరిస్త" అనేసింది. వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు, నేను మాత్రం నవ్వలేకపోయాను. తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డ గంగారెడ్డి అన్న కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. రిజిస్టరులో అయ్యగారు ఆరూ యాభై రెండు అని రాసి సంతకం చేశారు. మర్నాడు తెల్లవారగానే అదే కారులో దావీదును నిజామాబాద్ తీసుకొచ్చి రైలెక్కించాం. గంటన్నర కూడా పట్టలేదు.

ఈ దారిన కారులో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఏ వస్తువు కొత్తగా బిగించినా, తిరుగుదారి తీగ కూర్చునే చోట లోహం మెరిసేదాకా గీకి బిగించండి, ఆ వెంటనే ఇంజన్, దీపాలు అన్నీ వేసి చూశాకే బయలుదేరండి. అక్కడ గీకడానికి మనసొప్పని గుర్తు ఏదైనా ఉంటే కారు గలవాళ్లను అడగండి. మర్యాద కొద్దీ అడగకుండా ఊరుకున్నాను నేను, యూసుఫ్ భాయ్ కూడా. వాళ్ల పూజ సంగతి మాకు తెలుసు అనుకున్నాం. అందులో దిద్దుకునే దారి కూడా ఉంటుందని మా ఇద్దరికీ తెలియలేదు, పోశవ్వకు తెలుసు. ఆమెది ఏ ఊరో ఆ తొందరలో అడగలేదు. తర్వాత ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయినా ఖాళీ బండి కనిపిస్తే ఆగి చూసేవాణ్ని, దొరకలేదు.

దావీదుకు ఆ ఏడాది డిసెంబరు దాకా మళ్లీ సెలవు ఇవ్వలేదు. క్రిస్మస్‌కు వచ్చాడు. నిజామాబాద్ స్టేషన్లో నేనూ సుగుణా ఎదురెళ్లాం. అతను రైలు దిగి పెట్టె కింద పెట్టేలోపే, సుగుణ రెండు నెలల బిడ్డను అతని చేతుల్లో పెట్టింది.